అక్క పోస్టింగ్ చార్టు, నా సాఫ్ట్‌వేర్

కిందటేడాది సంక్రాంతికి ఊరెళ్ళేసరికి అక్క అప్పటికే వచ్చి ఉంది. వచ్చిందన్న మాటే గానీ ముందుగదిలోంచి బయటకు రాలేదు. మంచం మీద నాలుగు చార్టు పేపర్లు అతికించి పరుచుకుని, పెన్సిలు చెవిమీద దోపుకుని, రబ్బరుతో ఏదో చెరుపుతోంది. అరిసెలు ఒత్తడానికి రమ్మని అమ్మ వంటింట్లోంచి మూడుసార్లు పిలిచింది. అక్క పలకలేదు.

"ఏంటక్కా అది?"

"పోస్టింగ్ ప్లాను. సెలవులు ఒక రోజు పెంచారు. మళ్ళీ వెయ్యాలి."

"ఒక్కరోజుకి మొత్తం మళ్ళీ వెయ్యడమేంటి?"

అక్క తలెత్తి ఒక చూపు చూసింది. చిన్నప్పుడు ఎక్కం తప్పు చెబితే అలాగే చూసేది.

అక్క ఎమ్మెస్సీ నర్సింగ్ చేసి, కోస్తాలో ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో పనిచేస్తోంది. పాఠాలు చెప్పడంతో పాటు క్లినికల్ కోఆర్డినేటర్ పనీ ఆమె నెత్తిన పడింది. ఏ బ్యాచ్ పిల్లలు ఏ వారం ఏ ఆసుపత్రిలో ఏ వార్డుకి డ్యూటీ నేర్చుకోవడానికి వెళ్ళాలో ముందే తేల్చి చార్టు వేయాలి. ఆ కాలేజీలో బీఎస్సీ నాలుగేళ్ళు, జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్ళు. అంటే ఏడు బ్యాచ్‌లు, మూడు వందల యాభై మందికి పైగా పిల్లలు. ఆసుపత్రులు మాత్రం మూడే: కాలేజీకి సొంతంగా ఉన్నది, ఊళ్ళో పెద్దాసుపత్రి, ఒక పిల్లల నర్సింగ్ హోమ్. ఇవి కాక ఊళ్ళలో జనం మధ్య చేసే కమ్యూనిటీ పోస్టింగ్‌కి రెండు పీహెచ్‌సీలు, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు. పెద్దాసుపత్రికి వీళ్ళే కాదు, చుట్టుపక్కల కాలేజీలన్నీ వస్తాయి.

నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తాను. "ఇది ప్రోగ్రాం రాసేస్తే అయిపోయే పని, రెండు వారాల్లో చేసిస్తా" అన్నాను. బావ పక్కనే ఉండి విన్నాడు. అదే నా ఖర్మ. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఎప్పుడు ఫోన్ చేసినా "ఏం బావా, రెండు వారాలు అయ్యాయా?" అనేవాడు.

మొదట రూల్సు తెలుసుకున్నాను. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో బీఎస్సీ నర్సింగ్‌ని సెమిస్టర్ పద్ధతికి మార్చింది. ఎనిమిది సెమిస్టర్లు, ఒక్కోటి 20 వారాలు, వారానికి 40 గంటలు. క్లినికల్‌లో ఒక క్రెడిట్ అంటే వారానికి 4 గంటలు, సెమిస్టర్ మొత్తానికి 80 గంటలు. మూడో సెమిస్టర్‌లో అడల్ట్ హెల్త్ నర్సింగ్‌కి 6 క్రెడిట్లు, అంటే 480 గంటలు వార్డులో ఉండాలి. చివరి సెమిస్టర్ పూర్తిగా ఇంటర్న్‌షిప్. 22 వారాలు, వారానికి 48 గంటలు. అందులో కమ్యూనిటీ 4 వారాలు, అడల్ట్ 6, చైల్డ్ 4, మెంటల్ హెల్త్ 4, కాన్పుల పని నేర్పే మిడ్‌వైఫరీ 4. పదిమంది పిల్లలకి ఒక టీచర్ వార్డులో ఉండాలి. క్లాసుకైతే 80 శాతం హాజరు చాలు. పోస్టింగ్‌కి అలా కుదరదు. డిగ్రీ చేతికొచ్చేలోపు ప్రతి ప్రాక్టికల్ ఏరియాలో 100 శాతం నిండాలి. జ్వరం వచ్చి నాలుగు రోజులు మానేస్తే, ఆ నాలుగు రోజులూ అదే ఏరియాలో మళ్ళీ చేసి తీరాలి.

ఇదంతా చదివి నాకు తెగ సంతోషం వేసింది. అన్నీ అంకెలే! అంకెలుంటే ప్రోగ్రాం రాయడమెంతసేపు?

గూగుల్ వాళ్ళు ఉచితంగా ఇచ్చే ఓఆర్-టూల్స్ అనే లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ మూట, ఒకటి ఉంది. అందులో సీపీ-శాట్ అనే సాల్వర్‌కి మన నియమాలన్నీ చెబితే, అన్నిటికీ కుదిరే జవాబు అదే వెతుక్కుంటుంది. నర్సుల డ్యూటీలు వేయడం ఇలాంటి సాల్వర్లకి పాత లెక్కే. ఓఆర్-టూల్స్ పాఠాల్లోనే నలుగురు నర్సులు, మూడు రోజులు, రోజుకి మూడు షిఫ్టులంటూ ఒక ఉదాహరణ ఉంటుంది. దాన్నే సాగదీస్తే సరిపోతుందనుకున్నాను. అక్కడే మొదటి దెబ్బ తగిలింది. నర్సుల డ్యూటీలో ఏ షిఫ్టులోనూ వార్డు ఖాళీగా ఉండకూడదు. విద్యార్థుల పోస్టింగ్‌లో వార్డు నిండిపోకూడదు. లెక్క పైకి ఒకలాగే కనిపిస్తుంది గానీ, లోపల తలకిందులు. ఈ ముక్క నాకు అర్థం కావడానికే నెల పట్టింది.

ముందు ఒక్క బ్యాచ్‌తో మొదలుపెట్టాను. ఆరో సెమిస్టర్, 60 మంది. ఒక్కో విద్యార్థినికి ఒక్కో వారం ఏ వార్డు అనేది ప్రశ్న. 60 మంది, 20 వారాలు, 14 చోట్లు, కలిపితే 16,800 అవును-కాదులు. కంప్యూటర్‌కి ఇదో లెక్క కాదు. శనివారం రాత్రి అన్నం తినేసి రన్ కొట్టాను. అర సెకనులో జవాబు వచ్చింది. ఒకే ఒక్క మాట: ఇన్‌ఫీజిబుల్. కుదరదు అని.

ఎందుకు కుదరదో మాత్రం దానంతట అది చెప్పదు. సంబంధం తప్పిపోయాక కారణం చెప్పని పెళ్ళివారిలాగా. నియమాలు ఒక్కొక్కటే తీసేసి మళ్ళీ మళ్ళీ నడిపితే తెల్లారేసరికి దొంగ దొరికాడు. ఎన్‌ఐసీయూ. నెలలు నిండని పసికందులుండే చోటు కాబట్టి ఒక్కసారికి ఇద్దరు విద్యార్థినుల్ని మించి రానివ్వరు. 60 మంది ఇద్దరిద్దరు చొప్పున వారం వారం వెళ్తే 30 వారాలు కావాలి. సెమిస్టర్‌కి ఉన్నవే 20.

పొద్దున్నే అక్కకి ఫోన్ చేశాను. నాకు లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది, మీ కాలేజీ ప్లానే అసలు అసాధ్యమని లెక్కతో సహా తేల్చినందుకు.

"వారమని నీకెవరు చెప్పార్రా?" అంది అక్క. "సోమ మంగళ బుధ ఇద్దరు, గురు శుక్ర శని ఇంకో ఇద్దరు. మిగతా మూడ్రోజులు పిల్లల వార్డులో ఉంటారు. పదిహేను వారాల్లో అయిపోతుంది."

నిజమే. వారానికి నలుగురు, పదిహేను వారాల్లో అరవై. చార్టులో ఆ గడిని అక్క మధ్యలో ఏటవాలు గీత గీసి రెండు ముక్కలు చేసింది. అక్క పంపిన చార్టు ఫొటోలో ఆ గీతని నేను మడత అనుకున్నాను.

ఇక ఫోన్లో అడిగితే లాభం లేదని నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్ళాను. ప్రిన్సిపాల్ మేడమ్ అనుమతి ఇచ్చారు. పేషెంట్ల దగ్గరికి వెళ్ళకూడదు, ఫొటోలు తీయకూడదు, వార్డు బయటే ఉండాలి అని షరతు. పొద్దున ఏడుంపావుకి కాలేజీ బస్సెక్కాను. తెల్ల యూనిఫాంలో పిల్లలు, ఒళ్ళో టిఫిన్ బాక్సులు, లాగ్‌బుక్కులు. బస్సులో సీట్లు యాభై. పెద్దాసుపత్రికి ఒక్క ట్రిప్పే. అంటే ఏ రోజైనా అక్కడికి యాభై మందికి మించి వేయడానికి లేదు, వార్డుల్లో ఎంత చోటున్నా సరే. ఏ రూల్ పుస్తకంలోనూ ఈ బస్సు లేదు.

పెద్దాసుపత్రిలో సర్జికల్ వార్డు బల్ల దగ్గర ఇన్‌చార్జ్ సిస్టర్ కూర్చుని ఉన్నారు. ఇంకో రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి. ఆవిడ ముందు పొడుగాటి రూళ్ళ నోట్‌బుక్కు. అందులో కాలేజీల వారీగా ఎవరు ఎంతమంది వచ్చారో రోజూ ఎక్కిస్తారు. అక్క మా తమ్ముడని పరిచయం చేసి, కంప్యూటర్‌లో ప్లాన్ వేస్తున్నాడని చెప్పింది.

"కంప్యూటరైనా ఎవరైనా, నా వార్డుకి ఎనిమిది మందేనమ్మా" అన్నారావిడ.

"పేపర్ మీద పది ఉంది కదా సిస్టర్" అన్నాను, చేతిలో ఉన్న పర్మిషన్ కాపీ చూస్తూ.

ఆవిడ నాకు జవాబు చెప్పలేదు. అక్కతోనే అన్నారు: "డ్రెస్సింగ్ ట్రాలీలు రెండే ఉన్నాయి. పదిమంది వస్తే ఇద్దరు గోడకి ఆనుకుని నిలబడతారు. నిలబడి ఏం నేర్చుకుంటారు?"

తిరిగొస్తూ బస్సులో నా లాప్‌టాప్‌లో పదిని ఎనిమిది చేశాను. అలాంటివి ఆ నాలుగు రోజుల్లో ఇరవై దాకా మార్చాను. మంగళవారం ఆర్థోలో ఆపరేషన్లు ఎక్కువ కాబట్టి ఆ రోజు ఆపరేషన్ థియేటర్‌కి ఒకళ్ళని అదనంగా పంపొచ్చు. ఒక టీచర్ మెటర్నిటీ లీవులో వెళ్ళబోతున్నారు, ఆవిడ గ్రూపుని జూన్ నుంచి ఇంకొకరి కిందకి మార్చాలి. జీఎన్ఎం పిల్లలూ బీఎస్సీ పిల్లలూ ఒకే వార్డులో పడితే కేసుల కోసం పోటీ, కుదిరినంతవరకు విడదీయాలి. సైకియాట్రీకి విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకి వెళ్తారు. రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి కాబట్టి, ఒకసారి బుక్ చేశాక ఆ వారాల జోలికి ఎవరూ పోకూడదు. ఇవేవీ అక్క ఎక్కడా రాసిపెట్టలేదు. అడిగితే "అది తెలిసిందే కదా" అంటుంది. ఎవరికి తెలిసిందో నాకర్థం కాదు.

పిల్లల్ని కూడా అడిగాను. క్యాంటీన్ దగ్గర ముగ్గురు మూడో సంవత్సరం అమ్మాయిలు మొదట సార్ సార్ అంటూ సిగ్గుపడి, తర్వాత ఒక్కసారిగా మొదలుపెట్టారు. గ్రూపులు రోల్ నంబర్ల ప్రకారం వేస్తారు. ప్లాన్ ఎప్పుడూ మొదటి గ్రూపుతో మొదలవుతుంది. దాంతో ప్రతి సెమిస్టర్‌లో పరీక్షల ముందు వారం నైట్ డ్యూటీ చివరి గ్రూపుకే పడుతుంది. "మా పేర్లు ఎస్‌తో, వైతో మొదలవడం మా తప్పా సార్?" అంది ఒకమ్మాయి. అక్కని అడిగితే కాసేపు మాట్లాడలేదు. "నేనెప్పుడూ గమనించలేదురా" అంది. దీనికి మాత్రం సాఫ్ట్‌వేర్ బాగా పనికొచ్చింది. పోయిన సెమిస్టర్‌లో ఎవరికెన్ని నైట్లు, ఎన్ని పండగ రోజులు పడ్డాయో లెక్క ఉంచి, ఈసారి తక్కువ పడ్డవాళ్ళకి ముందు వేసేలా రాశాను. నాకు నచ్చిన కోడ్ ముక్క అదొక్కటే, పది వరుసలు కూడా ఉండదు.

మనుషుల్ని విడివిడిగా కాకుండా గ్రూపులుగా లెక్కపెట్టడం కూడా అప్పుడే మొదలుపెట్టాను. పదేసి మంది గ్రూపు లేబర్ రూమ్‌కి కుదరదు, అక్కడ అయిదుగురే. అందుకని అయిదేసి మందితో పన్నెండు గ్రూపులు. 16,800 కాస్తా 3,360కి దిగింది. కానీ కంప్యూటర్ వేగం కోసం కాదు ఈ మార్పు. ఒక్కో అమ్మాయికి ఒక్కో దారి ఉంటే, టీచరు ఎవరి వెనకాల తిరగాలి?

జూలైలో కొత్త సెమిస్టర్‌కి మొదటిసారి నా ప్లాన్ అమల్లో పెట్టారు. ఆదివారం రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. సోమవారం ఎనిమిదిన్నరకి అక్క ఫోను.

"లేబర్ రూమ్ ముందు పదిమంది నిలబడి ఉన్నారు."

"పదిమందా? లిమిట్ అయిదే కదా పెట్టాను!"

"నాకు లిమిట్లు చెప్పకు. ఇక్కడ సిస్టర్ అరుస్తోంది. నొప్పులతో ఉన్నవాళ్ళ ముందు ఇంత గుంపేంటని. ఆవిడ అనేది న్యాయమే."

అయిదుగురిని అక్క అప్పటికప్పుడు బాలింతలుండే పోస్ట్‌నేటల్ వార్డుకి పంపించేసింది. నేను ఆఫీసులో స్టాండప్ మీటింగ్ వదిలేసి కూర్చుని వెతికాను. పావుగంటలో దొరికింది. బీఎస్సీ షీటులో "లేబర్ రూమ్" అని ఉంది. జీఎన్ఎం షీటు వేరే మేడమ్ తయారుచేశారు, అందులో "ఎల్.ఆర్." అని ఉంది. నా ప్రోగ్రాంకి అవి రెండు వేర్వేరు గదులు. దేనికది అయిదుగురిని పంపింది, తప్పేం చేయలేదన్న ధీమాతో.

అంత పెద్ద సాల్వర్ పెట్టి, చివరికి పేర్ల జాబితా దగ్గర పల్టీ కొట్టాను. ఆ సాయంత్రం నుంచి ఎక్సెల్‌లో వార్డు పేరు చేత్తో టైప్ చేయడం బంద్, జాబితాలోంచి ఎంచుకోవడమే. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ పని మొదటి రోజే చేసేవాణ్ణి. అక్క ప్రాజెక్టే కదా అని నిర్లక్ష్యం చేశాను, అంతే.

దానికన్నా పెద్ద గొడవ ఆగస్టులో అయింది. లోకల్ సెలవు ఒకటి వచ్చి పడింది. అక్క ఆ తేదీ నొక్కి, "మళ్ళీ ప్లాన్ చేయి" బటన్ కొట్టింది. సాల్వర్ చక్కగా కొత్త ప్లాన్ ఇచ్చింది. నిజంగానే కొత్తది. పన్నెండు గ్రూపులకీ రాబోయే పద్నాలుగు వారాలూ మారిపోయాయి. అన్ని నియమాలకీ కుదిరింది, ఒక్క తప్పు లేదు. అక్క చూసుకోకుండా ప్రింట్ తీసి నోటీసు బోర్డులో పెట్టించింది. గంటలో హాస్టలంతా గగ్గోలు. ఆ వారం ఇంటికి పోదామనుకున్నవాళ్ళకి నైట్ పడింది. కేస్ ప్రజెంటేషన్ కోసం పేషెంట్‌ని ఎంచుకుని సగం రాసుకున్నవాళ్ళు వార్డే మారిపోయారు. టీచర్లు కూడా అక్క మీద విరుచుకుపడ్డారు.

రాత్రి ఫోన్లో అక్క గొంతు చాలా నెమ్మదిగా ఉంది. గట్టిగా తిట్టినా బాగుండేది.

"ఒక్కరోజు సెలవుకి అందర్నీ ఎందుకు కదిపావురా?"

సంక్రాంతికి నేనడిగిన ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు. సాల్వర్‌కి పాత ప్లాన్ అంటే గౌరవం ఉండదు. కుదిరే జవాబుల్లో ఏదో ఒకటి ఇచ్చెయ్యడమే దాని పని. అక్క అలా చేసేది కాదు. ఆమె మొత్తం మళ్ళీ వెయ్యాలని విసుక్కునేది గానీ, నిజానికి మొత్తం వేసేది కాదని ఆ చార్టుని మళ్ళీ చూస్తే తెలిసింది. రబ్బరు అరిగిన చోట్లు, కాగితం పొరలు లేచిన చోట్లు కొన్నే ఉన్నాయి. మిగతా గడుల్లో మొదటిసారి రాసిన పెన్సిలు గీత అలాగే ఉంది. రెండు గ్రూపుల్ని అటూ ఇటూ మార్చి, ఒక టీచర్ని బతిమాలి, ఒక ఆదివారం వాడుకుని సర్దేసేది. ఆ సర్దుబాటు ఎక్కడ చేయాలో వెతకడానికే రాత్రిళ్ళు పట్టేది.

అప్పటినుంచి పని తీరు మార్చాను. ఇప్పుడు సాల్వర్‌కి పాత ప్లాన్ కూడా ఇస్తాను. ఒక గడి మారిస్తే ఇంత జరిమానా. ఈ వారం గడి అయితే పెద్ద జరిమానా, రెండు నెలల తర్వాతదైతే చిన్నది. జరిమానా అతి తక్కువ పడేలా సర్దమని అడుగుతాను. గడి మీద నొక్కితే తాళం పడేలా కూడా చేశాను. విశాఖ వారాలు, యూనివర్సిటీ పరీక్షల వారాలు తాళం వేసి ఉంటాయి. కుదరకపోతే ఉత్త "కుదరదు" అని ఊరుకోకుండా, "ఫలానా వారం పిల్లల వార్డులో ఇద్దరు ఎక్కువవుతున్నారు, ఏం చేద్దాం?" అని చూపిస్తుంది. సగం సార్లు అక్క ఆ వార్డు సిస్టర్‌కి ఫోన్ చేసి, ఆ ఇద్దరినీ తీసుకునేలా ఒప్పిస్తుంది. లిమిట్ ఎనిమిదే అన్న పెద్ద సిస్టర్ కూడా అక్క అడిగితే ఒక్కోసారి తొమ్మిది అంటారు. నా ప్రోగ్రాం అడిగితే అనరు కదా.

అక్టోబర్‌లో హాస్టల్లో ఒకమ్మాయికి ఆటలమ్మ పోసింది. తర్వాత అదే రూమ్‌లో ఇంకో ఇద్దరికి. ముగ్గురినీ ఇంటికి పంపారు. ఒక్కొక్కరికి రెండేసి వారాలకు పైగా పోస్టింగ్ పోయింది, అదీ వేర్వేరు ఏరియాల్లో. ఇంతకుముందైతే ఇలాంటివాటికి అక్క సెమిస్టర్ చివర్లో రిజిస్టర్లు ముందేసుకుని, ఎవరికి ఎన్ని గంటలు బాకీ ఉందో కూడి, ఎక్కడ ఖాళీ ఉందో వెతికేది. ఇప్పుడు పేరు నొక్కితే బాకీ గంటలు, ఆ ఏరియాలో ఏ తేదీన చోటుందో, ఆ రోజు ఏ టీచర్ ఉంటారో ఒకే వరుసలో వస్తుంది. ముగ్గురికీ ఒక సాయంత్రంలో సర్దేసింది. ఆ రోజు అక్క వాట్సాప్‌లో ఒక బొటనవేలు బొమ్మ పంపింది. మా అక్క సంగతి తెలిసినవాళ్ళకి అదెంత పెద్ద మెప్పో తెలుస్తుంది.

మొబైల్ యాప్ కూడా చేద్దామనుకున్నాను గానీ వదిలేశాను. వార్డులో పిల్లలు ఫోన్ తీయకూడదు. వాళ్ళకి కావాల్సింది నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాల చార్టు. అందుకని ఏ-3 కాగితం మీద, అక్క వాడే రంగులతోనే ప్రింట్ వచ్చేలా చేశాను. మెడికల్ పచ్చ, సర్జికల్ నీలం, పిల్లల వార్డు పసుపు, లేబర్ రూమ్ గులాబీ. మొదట నాకు నచ్చిన రంగులు పెడితే మొదటి వారమే ఒక గ్రూపు తప్పు వార్డుకి వెళ్ళింది. నాలుగేళ్ళుగా వాళ్ళు అక్షరాలు చదవట్లేదు, రంగులు చూసుకుంటున్నారు.

ఈ సంక్రాంతికి ఇంటికెళ్తే అక్క అమ్మ పక్కన కూర్చుని అరిసెలు ఒత్తుతోంది. బావ నన్ను చూసి నోరు తెరిచేలోపే అక్క కళ్ళతో ఆపేసింది. మర్నాడు పొద్దున లాప్‌టాప్ తెరిచి, కొత్త సెమిస్టర్ ప్లాన్‌లో సెలవుల తేదీలు సరిచేసి రన్ చేసింది. ఎనిమిది గడులు మారాయి. ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, ఏడింటికి సరే కొట్టింది. ఎనిమిదో దాని దగ్గర ఆగి, ఒకమ్మాయిని చేత్తో వేరే గ్రూపులోకి మార్చింది. జరిమానా అంకె ఎర్రగా పెరిగింది.

"అదెందుకక్కా? కుదిరిందే కదా."

"ఆ వార్డులో వాళ్ళ నాన్న అడ్మిట్ అయ్యున్నాడు. ఆ పిల్ల అక్కడ డ్యూటీ ఎలా చేస్తుంది?"

"అయితే దానికో కాలమ్ పెట్టమంటావా? కారణం రాసుకోవడానికి?"

"వద్దు" అంది అక్క. "అలాంటివి రాసిపెట్టే విషయాలు కావు." సేవ్ కొట్టి, లాప్‌టాప్ మూసి, గొబ్బెమ్మలు పెట్టడానికి పిల్లల్ని పిలుస్తూ వాకిట్లోకి వెళ్ళిపోయింది.